పచ్చ తెర ముందు టెలిప్రింటర్ సారు

బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగాలి. మా ఆఫీసులో చెరిగేది కాదు. తప్పుగా కొట్టిన అక్షరం అలాగే ఉండిపోయి, దాని పక్కన ఒక టోపీ గుర్తూ (^) ఒక హెచ్చూ వచ్చి కూర్చునేవి. మళ్లీ నొక్కితే మళ్లీ టోపీ, మళ్లీ హెచ్. పాస్‌వర్డ్ దగ్గరైతే అవి కూడా కనబడవు. లోపలికి వెళ్లనివ్వదు, అంతే. 1998 ఏప్రిల్‌లో ఉద్యోగంలో చేరిన రోజు నాకు ఎదురైన మొదటి సమస్య ఇది. దాన్ని తీర్చింది కంప్యూటర్ చదువు చదువుకున్న మాలో ఎవరమూ కాదు. ముప్పై ఏళ్లు టెలిగ్రాఫ్ శాఖలో టెలిప్రింటర్లు, అంటే తీగ మీద వచ్చే సందేశాన్ని కాగితం మీద అచ్చువేసే యంత్రాలు, బాగుచేసి రిటైరైన ఒక పెద్దాయన.

ఆఫీసు బేగంపేటలో, ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో. మూడు గదులు, పద్నాలుగు మంది మనుషులు. నేను అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. అప్పుడు అమీర్‌పేట గల్లీల్లో ఏ గోడ చూసినా కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష కోర్సుల బోర్డులే. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని ప్రపంచమంతా కంగారు, ఆ కంగారులో మన పిల్లలకు ఉద్యోగాలు. హాస్టల్లో నా గదిలో ఉన్న ఇద్దరూ కోబాలే. నాకు దొరికింది మాత్రం యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పని. ఆ రోజుల్లో కాస్త బెంగగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే, అదే దొరకడం నా అదృష్టం.

మా దగ్గరున్న యంత్రం సన్ కంపెనీ స్పార్క్‌స్టేషన్ 5. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెద్ద మిఠాయి డబ్బాలాగా పలచగా, బూడిద రంగులో ఉండేది. దాని పెద్ద మానిటర్ నేను చేరక ముందే కాలిపోయిందట. కొత్తది కొనే స్తోమత లేదు. ఆ యంత్రానికి ఒక పద్ధతి ఉంది. కీబోర్డు తగిలించకుండా ఆన్ చేస్తే, తన మాటలన్నీ మొదటి సీరియల్ పోర్టు (బిట్లు ఒకదాని వెనక ఒకటిగా పోయే కనెక్టర్) వైపు మళ్లిస్తుంది. అక్కడ ఒక టెర్మినల్, అంటే తెరా కీబోర్డూ మాత్రమే ఉండే పెట్టె, తగిలిస్తే అదే కన్సోల్, యంత్రంతో నేరుగా మాట్లాడే చోటు. అందుకని ఎక్కడినుంచో వీటీ220 రకం పాత టెర్మినల్ ఒకటి తెచ్చి పెట్టారు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, 80 నిలువు వరుసలు, 24 అడ్డ వరుసలు. మానిటర్‌తో పాటు పాత మౌస్ కూడా మూలన పడింది. అది గళ్లగళ్లుగా గీతలున్న రేకు పలక మీద మాత్రమే నడిచేది. ఆ పలక మాకు చాయ్ గ్లాసులు పెట్టుకోవడానికి పనికొచ్చింది.

మిగతా అందరం విండోస్ 95 పీసీల మీద కూర్చుని, టెర్మినల్‌లాగా నటించే ఒక ప్రోగ్రాం ద్వారా ఆ యంత్రంలోకి వెళ్లేవాళ్లం. నటన అన్నాను కదా, టెర్మినల్ ఎమ్యులేషన్ అంటే అదే. పీసీ తనని తాను వీటీ100 అని చెప్పుకుంటుంది. డిజిటల్ కంపెనీ 1978లో తెచ్చిన ఆ పెట్టె ఎప్పుడో పాతబడిపోయింది. కానీ దాని భాష మాత్రం అందరూ నేర్చుకున్నారు. నటన ఎక్కడ తడబడితే అక్కడ మాకు తిప్పలు.

సారు గురించి చెప్పాలి. అందరూ ఆయన్ని సార్ అనే పిలిచేవాళ్లం, మా ఎం.డి.తో సహా. తెల్ల చొక్కా, జేబులో టెస్టర్, చేతిలో ఎప్పుడూ ఒక ఇన్సులేషన్ టేపు చుట్ట. ఆఫీసులో కేబుళ్లు, ఫోన్లు, యూపీఎస్ ఆయన చూసుకునేవారు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 25 పిన్నుల కనెక్టర్లు తెచ్చి, టెర్మినల్ కేబుల్ తనే టంకం పెట్టి చేశారు. రెండో పిన్ను మూడుకి, మూడోది రెండుకి, ఏడు ఏడుకి. "నేను మాట్లాడేది నీకు వినబడాలి, నువ్వు మాట్లాడేది నాకు వినబడాలి. ఏడోది భూమి, అది ఇద్దరికీ ఒకటే" అని చెప్పారు నాకు. నాలుగేళ్ల చదువులో ఎవరూ అంత తేలిగ్గా చెప్పలేదు.

టోపీ హెచ్ సమస్య ఆయనకు చూపించాను, ఏదో మాటల్లో. ఆయనకి యూనిక్స్ రాదు. కానీ అడగాల్సిన ప్రశ్న అడిగారు. "ఆ మీట నొక్కితే వైరులోకి ఏం పోతోందమ్మా?" నేను అప్పటిదాకా మీట నొక్కితే అక్షరం చెరుగుతుంది అనే అనుకున్నాను. మీట నొక్కితే ఒక సంఖ్య మాత్రమే పోతుందనీ, చెరపాలా వద్దా అన్నది అవతలి వాళ్లు తేల్చుకుంటారనీ తట్టలేదు. వెతికితే తేలింది. పచ్చ తెర టెర్మినల్ మీద ఆ మీట 127 పంపుతుంది. పీసీలో నటించే ప్రోగ్రాం 8 పంపుతుంది. యంత్రం 127 వస్తేనే చెరుపుతానని కూర్చుంది. 8 వస్తే, ఇదేదో కంట్రోల్ హెచ్ అని టోపీ పెట్టి చూపిస్తుంది. ఎస్‌టీటీవై అనే ఆదేశంతో, చెరిపే అక్షరం ఇకనుంచి 8 అని చెప్తే సరిపోయింది. ఏ టెర్మినల్ నుంచి వచ్చామో చూసి తగిన సంఖ్య పెట్టేలా లోపలికి వెళ్లగానే యంత్రం చదివే ప్రొఫైల్ ఫైల్లో నాలుగు వరుసలు రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన మొదటి ప్రోగ్రాం అదే.

చెరపడానికి 127 ఎందుకు అని నాకు అనుమానం. సారుకి ఆ సంఖ్యని సున్నా, ఒకటి మాత్రమే ఉండే బైనరీ లెక్కలో రాసి చూపించాను. ఏడు ఒకట్లు. ఆయన ముఖం వెలిగిపోయింది. "పేపర్ టేపు!" అన్నారు. టెలిప్రింటర్ టేపు మీద అక్షరం అంటే కొన్ని చిల్లులు. తప్పు కొడితే కాగితానికి పడిన చిల్లు పూడదు. కాబట్టి టేపుని ఒక అడుగు వెనక్కి లాగి, ఆ వరుసలో ఉన్న అన్ని చిల్లులూ పొడిచేసేవారు. అన్నీ చిల్లులే ఉన్న వరుసని యంత్రం అక్షరంగా అచ్చు వేయదు, దాటిపోతుంది. ఆయన వాడినవి ఐదు చిల్లుల యంత్రాలు, మద్రాసులో హిందుస్తాన్ టెలిప్రింటర్స్ వాళ్లు చేసినవి. కంప్యూటర్ వాళ్లవి ఏడు. లెక్క మారింది, పద్ధతి అదే. యూనిక్స్‌లో టెర్మినల్‌ని టీటీవై అంటారు కదా. అది టెలిటైప్ అనే మాట కుదించినదని పుస్తకంలో చదివాను గానీ, ఆ మాటకి అర్థం ఆ రోజే తెలిసింది.

మా ఊరు కోదాడ దగ్గర. చిన్నప్పుడు మా వీధిలో టెలిగ్రాం వచ్చిందంటే విప్పి చదవకముందే ఏడుపు మొదలయ్యేది. ఆ కాగితం మీద అంటించిన అక్షరాల పట్టీల వెనక ఇంత కథ ఉందని నాకేం తెలుసు?

అప్పటినుంచి ఏ తెర పాడైనా ముందు సారుని పిలిచేదాన్ని. ఒకసారి మా వాళ్లలో ఒకరు, చదవదగ్గ ఫైలు అనుకుని ప్రోగ్రాం ఫైలుని తెర మీదకి వదిలారు. పచ్చ తెర ఒక్కసారిగా పిచ్చెక్కినట్టు అయిపోయింది. చిన్న అక్షరాలన్నీ గీతలుగా, మూలలుగా, పెట్టె ముక్కలుగా మారిపోయాయి. పెద్ద అక్షరాలు మాత్రం అక్షరాలుగానే ఉన్నాయి. స్విచ్ ఆపి వేద్దామా అని చేయి పెట్టబోతే, సారు ఆగమన్నారు. "ఫిగర్స్ షిఫ్ట్ పడిపోయింది" అన్నారు.

ఐదు చిల్లులతో వచ్చేవి 32 కలయికలే. అక్షరాలకే 26 పోతే అంకెలకి చోటెక్కడ? అందుకని ఫిగర్స్ షిఫ్ట్ అనే ఒక సంకేతం వస్తే అక్కడినుంచి అన్నీ అంకెలు, గుర్తులు. ఇంకో సంకేతం వస్తే మళ్లీ అక్షరాలు. వానకాలం లైన్లో గరగర వస్తే ఎక్కడో ఒక సంకేతం చెడిపోయి, పెళ్లి కబురు మొత్తం అంకెలుగా పడేదట. ఆపరేటర్లు అలవాటు మీద ఆ అంకెల్ని అక్షరాలుగా చదివేసేవారు.

టెర్మినల్లో కూడా సరిగ్గా అదే ఉంది. 14 వస్తే రెండో అక్షరాల గుంపుకి మారుతుంది, 15 వస్తే తిరిగి వస్తుంది. ఆ ఫైల్లో ఎక్కడో 14 ఉంది, దాని వెనక 15 లేదు. 15 అంటే కంట్రోల్ ఓ. నేను ఎకో (ఇచ్చినదాన్ని తెర మీదకి తిరిగి పంపే ఆదేశం) అని కొట్టి, తర్వాతి మీటని ఉన్నదున్నట్టు తీసుకోమని కంట్రోల్ వీ, ఆపైన కంట్రోల్ ఓ నొక్కి ఎంటర్ కొట్టాను. కొట్టేటప్పుడు నేను రాస్తున్నదే నాకు అర్థం కాని గీతలుగా కనబడుతోంది. ఎంటర్ పడగానే తర్వాతి వరుస నుంచి శుభ్రంగా అక్షరాలు. సారు టేబుల్ మీద చిన్నగా చరిచారు.

అదే రోజు ఇంకో వింత కూడా చూశాం. ఎవరూ ఏమీ కొట్టకుండానే ఆదేశాలు కొట్టే ప్రాంప్ట్ దగ్గర బేగంపేట అని ఇంగ్లీషులో పడి ఉంది. కింద, అలాంటి ఆదేశం లేదని యంత్రం జవాబు. నాకు నిజంగా భయమేసింది. సారు నవ్వి, "అది నేను పెట్టిందే" అన్నారు. టెలెక్స్ లైన్లో, అంటే టెలిప్రింటర్లు ఒకదానికొకటి ఫోన్ చేసుకునే లైన్లో, అవతలి యంత్రాన్ని "మీరెవరు?" అని అడిగే సంకేతం ఒకటుంది. ఫిగర్స్ వేసి డీ కొడితే, అక్కడ మనిషి లేకపోయినా యంత్రం తన పేరు తనే పంపుతుంది. వీటీ టెర్మినళ్లలో ఆ ఏర్పాటు అలాగే ఉంచారు. 5 అనే సంఖ్య వస్తే టెర్మినల్ తన పేరు చెప్తుంది. సెటప్‌లో ఆ పేరు గడి ఖాళీగా ఉంటే చూడలేక సారు బేగంపేట అని నింపారు. "పేరు లేని స్టేషన్ ఉండకూడదమ్మా" అన్నారు. తర్వాత అదొక అలవాటైపోయింది. ఆయన పక్క గదిలోంచి ఇంటర్‌కమ్‌లో "ఎవరూ?" అంటే, నేను "బేగంపేట" అనేదాన్ని. ఆయన పనిచేసే మూల గదికి ఆయన పెట్టుకున్న పేరు నాంపల్లి.

ఇక మే నెల సంగతి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది.

ఎండలు మండిపోతున్నాయి. రోజూ సాయంత్రం కరెంటు పోయేది. మాకు యూపీఎస్ ఉంది. యంత్రం, పీసీలు అన్నీ దాని మీదే. ఆఫీసంతా ఆరు నెలల నుంచి అలాగే నడిచిందట, ఏ ఇబ్బందీ లేకుండా. ఆ వారం మాత్రం కరెంటు పోయిన మరుక్షణం అందరి పీసీల్లోనూ తెర బిగుసుకుపోవడం మొదలైంది. ఏ మీట నొక్కినా కదలదు. పచ్చ తెర దగ్గరికి పరిగెత్తితే అది ఆరిపోయి ఉండేది. కరెంటు వచ్చాక వెలిగినా ఖాళీగా, మూలన ఒక గుర్తు మినుకుమంటూ ఉండేది. యంత్రం చచ్చిపోయింది అనుకుని స్విచ్ ఆపి మళ్లీ వేసేవాళ్లం. అది లేచి, డిస్కు సరిచూసుకుని, లోపలికి రానిచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఒక సహకార బ్యాంకు ఖాతాల లెక్కలు ఎక్కించే పని అది. అప్పటిదాకా కొట్టి, భద్రం చేయనిదంతా పోయేది. డేటా ఎంట్రీ చేసే అమ్మాయిలు రెండోసారి కొట్టడానికి రాత్రి ఎనిమిది దాకా ఉండేవాళ్లు. నా హాస్టల్ గేటు ఎనిమిదిన్నరకి మూసేవారు. రోజూ అదే టెన్షన్.

సారు ఆ వారం కూతురి పెళ్లికని సెలవులో ఉన్నారు. మేం తోచిందల్లా చేశాం. యూపీఎస్ మారేటప్పుడు కరెంటు ఒక క్షణం తెగుతోందని బ్యాటరీలు మార్పించారు. నెట్‌వర్క్ హబ్ అనుమానించి సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి వేరేది తెచ్చారు. కేబుళ్లు మార్చాం. డబ్బు ఖర్చయింది గానీ సాయంత్రం కరెంటు పోగానే మళ్లీ అదే. ఎం.డి. నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

తొమ్మిదో రోజు సారు లడ్డూల డబ్బాతో వచ్చారు. కథంతా విన్నారు. ఒకటే అడిగారు. "యూపీఎస్ మీద లేనిది ఏది?"

పచ్చ తెర. నేను చేరిన కొత్తలో దాన్ని గోడ ప్లగ్గుకి మార్చింది ఎవరో ఎవరికీ గుర్తు లేదు. యూపీఎస్ బోర్డులో ఒక పీసీకి చోటు కావాల్సి వచ్చి మార్చి ఉంటారు. తెర ఒక్కటే కదా, ఆరితే ఏముంది అనుకున్నాం అందరం.

"టెలిప్రింటర్ లైన్లో ఊరికే ఉన్నప్పుడు కూడా కరెంటు పారుతూనే ఉంటుందమ్మా" అన్నారు సారు, కుర్చీ లాక్కుని. "దాన్ని మార్క్ అంటాం. నేనున్నాను అని చెప్పడం అది. అక్షరం వచ్చినప్పుడు కాస్త తెగి, మళ్లీ మార్క్‌కి వస్తుంది. ఎంత చిన్న అక్షరమైనా చివర మార్క్‌కి రావాల్సిందే. లైను ఎక్కడో తెగిపోయిందనుకో, మార్క్ ఇక రాదు. అవతలి యంత్రానికి ఏం చేయాలో తెలియక వట్టిగా టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. రాత్రి డ్యూటీలో ఆ చప్పుడు వింటే ఏ ఊరి వైపో తీగ తెగిందని లేచేవాళ్లం."

మా సీరియల్ కేబుల్లో పారేది ఆ కరెంటు కాదు, వోల్టేజీ. అయినా నియమం అదే. ఊరికే ఉంటే మార్క్. ఒక అక్షరానికి మొదట ఒక స్టార్ట్ బిట్, చివర ఒక స్టాప్ బిట్. 50 బాడ్ (సెకనుకి 50 సంకేతాల వేగం) టెలిప్రింటర్ నుంచి మా 9600 బాడ్ టెర్మినల్ దాకా ఆ పద్ధతి మారలేదు. టెర్మినల్‌కి కరెంటు పోగానే లైను మార్క్ నుంచి జారిపోతుంది. ఒక అక్షరం పట్టే కాలం దాటినా తిరిగి రాదు. దాన్ని బ్రేక్ అంటారు. నేను అంతా విని, పుస్తకం తీశాను. కన్సోల్ మీద బ్రేక్ వస్తే సన్ యంత్రం చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపేసి, కింద ఉన్న ఓకే అనే ప్రాంప్ట్‌కి దిగుతుంది. కీబోర్డు ఉన్న యంత్రంలో స్టాప్, ఏ కలిపి నొక్కితే జరిగేదే ఇది. యంత్రం దారి తప్పినప్పుడు పట్టుకుని నిలబెట్టడానికి కావాలని పెట్టిన ఏర్పాటు. అంటే మా యంత్రం ఒక్కసారి కూడా చచ్చిపోలేదు. ఆగమన్నారు అనుకుని, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ నిలబడింది. "ఓకే" అని చెప్పింది కూడా. చెప్పే సమయానికి తెర చీకటిగా ఉంది.

పరీక్షించి చూద్దామని అందరితో పని భద్రం చేయించాను. సారు పచ్చ తెర ప్లగ్గు లాగారు. పక్క గదిలోంచి "ఆగిపోయింది!" అని కేక. ప్లగ్గు మళ్లీ పెట్టారు. తెర వేడెక్కి వెలిగేదాకా ఆగాం. ఖాళీ. రోజూ ఇక్కడే స్విచ్ ఆపేవాళ్లం. "ఒక్క ఎంటర్ కొట్టు" అన్నారు. కొట్టాను. ఓకే అని రెండక్షరాలు వచ్చాయి. గో అని రాసి ఎంటర్ కొట్టాను.

పక్క గదిలోంచి ఈసారి వచ్చిన కేక వేరు. ఎవరి తెర ఎక్కడ ఆగిందో అక్కడినుంచే కదిలింది. ఆగిన సమయంలో వాళ్లు నొక్కిన మీటలు కూడా గబగబా తెర మీదకి వచ్చి పడ్డాయట. ఒక్క అక్షరం పోలేదు. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను. సారు ఒక లడ్డూ చేతిలో పెట్టి, టెర్మినల్ ప్లగ్గుని యూపీఎస్ బోర్డుకి మార్చి, దాని మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, "తీయరాదు" అని తెలుగులో రాశారు. ఆ సాయంత్రం ఏడింటికే హాస్టల్‌కి వెళ్లాను.

ఒక్క విషయంలో మాత్రం సారు చేతులెత్తేశారు. యూనిక్స్‌లో ఫైళ్లు రాసుకునే వీఐ ఎడిటర్లో రాస్తూ బాణం మీటలు నొక్కితే కొత్త వరుసలు పుట్టి, వాటిలో ఏ, బీ, సీ, డీలు పడేవి. కాగితం మీద పైకి కిందికి తిరిగే గుర్తు ఉండదు కదా, ఆయన అనుభవంలో దానికి పోలిక లేదు. అది నేనే పట్టుకున్నాను, రెండు వారాలకి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక పాత టెర్మినల్ మాన్యువల్ సాయంతో. పై బాణం ఒక సంఖ్య కాదు, మూడు. ఎస్కేప్, ఓ, ఏ. మూడూ వెంటవెంటనే వస్తే ఎడిటర్ బాణం అని గుర్తుపడుతుంది. మధ్యలో జాప్యం జరిగినా, టెర్మినల్ పేరు తప్పుగా చెప్పి ఉన్నా, విడివిడిగా తీసుకుంటుంది. ఎస్కేప్ అంటే రాయడం ఆపు. ఓ అంటే పైన కొత్త వరుస తెరువు. ఇక మిగిలిన ఏ ఆ వరుసలో అక్షరంగా పడుతుంది. పీసీ నటిస్తున్నది ఒక రకం, మేం యంత్రానికి చెప్పిన పేరు ఇంకో రకం. పేరు సరిచేశాక బాణాలు దారికొచ్చాయి. సారుకి కాగితం మీద గీసి చెప్పాను. ఆయన నోటు పుస్తకం తీసి, తేదీ వేసి, నేను చెప్పింది రాసుకున్నారు. అరవై దాటిన మనిషి, నా ఎదురుగా కూర్చుని, నేను చెప్తుంటే రాసుకోవడం. నాకు అప్పటికి ఇరవై మూడేళ్లు. ఆ తర్వాత నాకు వచ్చిన ఏ మెచ్చుకోలూ దాని పక్కన నిలబడలేదు.

కంపెనీ 2002లో మూతపడింది. సారు రాజమండ్రిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. నేను గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు మారుతూ వచ్చాను. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో నల్ల కిటికీ తెరిచి టీటీవై అని కొడితే యంత్రం జవాబిస్తుంది. కంట్రోల్ జీ నొక్కితే గంట మోగుతుంది. సారు యంత్రాల్లో ఫిగర్స్ వేసి జే కొడితే మోగిన గంట అదే. చెరిపే అక్షరం ఏమిటని అడిగితే 127 అనే అంటుంది.

2013 జూలై 14న టెలిగ్రాం సేవకి చివరి రోజని పేపర్లో చూసి, సారుకి ఫోన్ చేశాను. నాలుగేళ్లయి ఉంటుంది మాట్లాడి. ఇంట్లో ఎవరో ఎత్తి ఆయనకి ఇచ్చారు. వినికిడి బాగా తగ్గిందని ముందే చెప్పారు. కాసేపు గరగర, తర్వాత ఆయన గొంతు.

"ఎవరూ?"

పేరు చెప్పబోయి ఆగాను. "బేగంపేటండి" అన్నాను, కాస్త గట్టిగా.

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం.

"ఆఁ, నాంపల్లి" అన్నారు సారు. "చెప్పమ్మా, లైను బాగుంది."